టేకు తలకాయ

మార్చి 3, సోమవారం

బట్టలు రెండు విడతలు ఉతికి, ఆరేసి, మడతలు పెట్టాను. వంటింట్లో పై అరలు దులిపాను. స్టవ్ బర్నర్లు కడిగాను. ఆయన చొక్కాకి బొత్తాలు కుట్టాను. కరెంటు బిల్లు కట్టాను. ఇస్త్రీ మిగిలిపోయింది. కారణం: బేస్ గిటారు ఇంటికి వచ్చింది.

రాసుకుంటే నాకే నవ్వొస్తోంది. పెట్టె తెరిచి, చేతులు కడుక్కుని వచ్చి, మళ్ళీ చీర కొంగుకి తుడుచుకుని, అప్పుడు ముట్టుకున్నాను. నల్లగా, సన్నగా ఉంది. మామూలు గిటారుకి మెడ చివర ఒక తల ఉంటుంది. ఆ తలకి చెవుల్లా బిరడాలుంటాయి. వాటిని తిప్పి తీగలు బిగిస్తారు. దీనికి ఆ తలే లేదు. మెడ చక్కగా వచ్చి అక్కడితో ఆగిపోతుంది. బిగించే మరలన్నీ కింద, తోక దగ్గర. హెడ్‌లెస్ అంటారు దీన్ని.

రెండేళ్ళుగా పై ఫ్లాట్‌లోని పళ్ళ డాక్టరమ్మ పాత బేస్ మీద నేర్చుకున్నాను. దాని తల బరువుకి మెడ ఎప్పుడూ నేలచూపులు చూసేది. ఎడమ చేత్తో దాన్ని ఎత్తిపట్టుకోవాలి, అదే చేత్తో వాయించాలి. చంటిపిల్లని చంకన వేసుకుని అన్నం వార్చినట్టుండేది. చివరికి ఎడమ భుజం పట్టేసింది. ఫిజియోథెరపీ అమ్మాయి, గిటారు మానేస్తారా, తేలికది కొనుక్కుంటారా అని అడిగింది. మానేస్తారా అన్నది నాకు వినపడలేదు.

దీన్ని తగిలించుకుని రెండు చేతులూ వదిలేశాను. పెట్టినచోటే ఉంది. ఎటూ వాలలేదు. హాల్లో నిలబడి ఒక్కదాన్నే నవ్వాను.

సాయంత్రం మా అమ్మాయి కళ్ళద్దాల షాపులో పని ముగించుకుని వచ్చి, అమ్మా, దీని తలేదీ, బస్సులో మర్చిపోయావా అంది. ఆయన వాటర్ వర్క్స్ ఆఫీసు నుంచి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, తక్కువకి ఇచ్చారా అని అడిగారు. సెకండ్‌హ్యాండ్ కదా, తక్కువకే ఇచ్చారన్నాను. మరి తల అన్నారు. ఇది ఇలాగే వస్తుందండీ అన్నాను. ఓహో అన్నారు. ఆ ఓహో కొంచెం పొడుగ్గా ఉంది.

మార్చి 5, బుధవారం

వంటింటి తలుపు వెనక, ఇస్త్రీ బల్ల పక్కన బేస్ సరిగ్గా పట్టింది. తలుంటే పట్టేది కాదు.

మార్చి 7, శుక్రవారం

డాక్టరమ్మ క్లినిక్‌లో పేషెంట్లు వెళ్ళిపోయాక రిహార్సల్. కుర్చీలు గోడకి జరిపి, ఎక్స్‌రే గదిలోంచి డ్రమ్స్ బయటికి లాగాం. డ్రమ్స్ డాక్టరమ్మవి. గిటారు మా వీధి ఎలక్ట్రీషియన్‌ది. పాడేది స్కూల్ బస్సు డ్రైవరమ్మ. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు, పాపం మర్యాదకి పట్టుకుంటుంది.

వీళ్ళకి బేస్ వాయించే ఆయన ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోయాడు. అందుకని నాకు పిలుపొచ్చింది. 22న లైబ్రరీ కొత్త హాలు ప్రారంభం, అక్కడ నాలుగు పాటలు. డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. 18న ఆఖరి రిహార్సల్ అండీ, ఆ రోజుకి నాలుగూ నిలబడితే మీరే మా బేస్, ఈ ఒక్కసారికే కాదు, ఎప్పటికీ. నిలబడకపోతే ఎలక్ట్రీషియన్ తమ్ముడు మీ పార్టు కీబోర్డు మీద వాయించేస్తాడు, ఏమీ అనుకోకూడదు అంది. పన్ను పీకేటప్పుడు కూడా ఇదే గొంతుతో చెబుతుందేమో.

అనుకోనన్నాను. కానీ అనుకుంటాను. ఇంత కావాలనిపించింది ఈ మధ్య ఏదీ లేదు.

రెండో పాట అయ్యాక డ్రైవరమ్మ నా వైపు తిరిగి, అక్కా, ఇన్నాళ్ళూ పాటలో నిలబడి పాడినట్టుండేది, ఇవాళ కూర్చోడానికి చోటు దొరికింది అంది. ఇంటికొచ్చేదాకా ఆ మాటే చప్పరించుకుంటూ వచ్చాను.

మార్చి 10, సోమవారం

చారు పొంగింది. మూడో పాటలో మధ్య ముక్క ఇవాళ చేతికొచ్చింది. చారుదేముంది, మళ్ళీ పెట్టుకోవచ్చు.

మ్యూజిక్ షాపుకి ఫోన్ చేశాను, ఇంకో సెట్టు తీగలు ఉంచమని. దీని తీగలు వేరు. మామూలు తీగకి ఒక కొసనే ఇత్తడి గుండు ఉంటుంది, రెండో కొసని తలకున్న బిరడాకి చుడతారు. దీనికి చుట్టడానికి తల లేదు కనుక రెండు కొసలా గుండ్లే. పైన గాడిలో ఒకటి, కింద తోకలో ఒకటి. షాపాయన, ఆ రకం ఆర్డర్ పెట్టినా నెల పడుతుందమ్మా, ఉన్నవాటిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకోండి అన్నాడు.

మార్చి 13, గురువారం

అక్కకి రేపు కంటి ఆపరేషన్. రెండు రోజులు తోడుండాలి. కూరలు రెండు రకాలు చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. పాలవాడికి చెప్పాను. బేస్‌ని బస్సులో తీసుకెళ్దామా అని చూశాను. హాస్పిటల్లో దీని శబ్దం పెంచే యాంప్ ఎక్కడ పెడతాను? తలుపు వెనకే ఉంచాను.

మార్చి 15, శనివారం

అక్క కన్ను బాగుంది. కట్టు తీయగానే, నువ్వింత లావయ్యావేమిటే అంది. చూపు వచ్చినట్టే.

ఇక ఇంటి సంగతి. నవ్వో ఏడుపో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

తలుపు తీసేసరికి ఆయనా, మా మరిదీ హాల్లో అటెన్షన్‌లో నిలబడి ఉన్నారు. మరిది వడ్రంగి. సొంత వర్క్‌షాపు. మంచాలు, బీరువాలు, సోఫాలు చేస్తాడు. బల్ల మీద ఏదో దుప్పటి కప్పి ఉంది. కళ్ళు మూసుకోమన్నారు ఆయన. మూసుకున్నాను. తెరిచాను.

నా బేస్‌కి తల ఉంది.

టేకు తల. అరచేతికన్నా పెద్దది. అంచు చుట్టూ సన్నటి లతా, లతకి ఆకులూ, ఆకులకి ఈనెలూ. పాలిష్ తళతళలాడుతోంది. నాలుగు టేకు బిరడాలు. జిగురు పెట్టి, వెనక నుంచి రెండు స్క్రూలు కూడా బిగించాడట, ఏనుగు లాగినా ఊడదట. పాత తీగలు పొట్టిగా ఉండి బిరడాలకి అందలేదని, బజారుకెళ్ళి పొడుగాటి మామూలు తీగలు తెచ్చి చుట్టాడు.

పాతవేవీ అని అడిగాను. 

భేషైన తీగలు వదినా, వృథా పోనివ్వలేదు, ముక్కలు చేసి సోఫా కుర్రాడికిచ్చాను, ఫోమ్ కొయ్యడానికి కత్తికన్నా బాగున్నాయంటున్నాడు అన్నాడు మరిది.

చాలా బాగుందయ్యా అన్నాను. అబద్ధం కాదు. అంత అందమైన చెక్కడం మా ఇంట్లో ఇంకోటి లేదు.

మరిది వెళ్ళాక ఆయన చెప్పుకొచ్చారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, నువ్వు సొట్టపడినదే కొంటావు. గీత పడిన ఫ్రిజ్ కొన్నావు. మూత లేని మిక్సీ కొన్నావు. ఒక కాలు పొట్టి ఉన్న బల్ల కొన్నావు. ఏమిటిది అంటే ప్రతిసారీ ఇది ఇలాగే వస్తుందండీ అంటావు. ఆఖరికి నీకోసం నువ్వు ఒక్క వస్తువు కొనుక్కుంటే, అదీ తల విరిగిందేనా అని రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు అన్నారు.

 కాఫీ పెట్టి ఇచ్చాను. నేనూ తాగాను.

మార్చి 16, ఆదివారం

బిరడాలు నిలబడడం లేదు. ఒక పాట మొదలుపెట్టి ముగించేలోగా నాలుగు తీగలూ నాలుగు దారులు పడుతున్నాయి. తోక దగ్గర బిగిస్తే తల దగ్గర వదులవుతోంది. పైగా టేకు. మెడ మళ్ళీ నేలచూపులు. భుజం మళ్ళీ మొదలు.

తలుపు వెనక పట్టడం లేదు.

మార్చి 17, సోమవారం

ఆయనకి చెప్పేశాను. ఇలాంటివి ఉంటాయనీ, వీటిని ఇలాగే చేస్తారనీ. అమ్మాయి ఫోన్‌లో ఫోటోలు కూడా చూపించింది. ఆయన ఒక్కో ఫోటో చూస్తూ, దీనికీ లేదు, దీనికీ లేదు అంటూ కుర్చీలోకి కుంగిపోయారు.

కానీ తమ్ముడికి చెప్పొద్దు అన్నారు. వాడి పని వంక పెడితే వాడు తట్టుకోలేడు, ఎవరో బీరువాకి పెట్టిన పువ్వు తీసెయ్యమంటే ఆ రోజంతా అన్నం ముట్టలేదు, రెండు పగళ్ళు కూర్చుని చెక్కాడే నీకోసం అన్నారు.

అమ్మాయి, అయితే అమ్మ వాయించడం మానేస్తుంది, బాబాయి తల గోడకి తగిలిద్దాం అంది. ఆయన దాన్ని కసిరారు గానీ, మనసులో ఆ గోడ ఏదో వెతుకుతున్నట్టే కనిపించారు.

మార్చి 18, మంగళవారం

రిహార్సల్. డాక్టరమ్మ తలని చూసి, నోరు తెరవమన్నట్టు గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఇదేమిటండీ, పన్ను మీద పన్ను మొలిచింది అంది.

మొదటి పాట సగంలోనే శ్రుతి జారింది. రెండో పాటలో నేను ఎక్కడున్నానో నాకే తెలియలేదు. డ్రైవరమ్మ పాపం నా స్వరం వెంట తనూ కిందికి దిగి, దిగి, ఇంక దిగడానికి లేక ఆపేసి, అక్కా, బ్రేకులు ఫెయిలయ్యాయి అంది. ఎలక్ట్రీషియన్ నవ్వు దాచుకోవడానికి వైర్లు సర్దాడు.

సంగతంతా చెప్పాను. డాక్టరమ్మ డ్రమ్ము కర్రలు ఒళ్ళో పెట్టుకుంది. శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతాను, అప్పటికీ ఇలాగే ఉంటే ఎలక్ట్రీషియన్ తమ్ముడికి ఫోన్ చేస్తాను అంది. పాత బేస్ వాయిస్తారా అని కూడా అడిగింది. భుజం ఎత్తి చూపించాను. చెవి దాకా కూడా రాలేదు.

కాబట్టి మరిదికి చెప్పాలి.

మార్చి 19, బుధవారం, మధ్యాహ్నం

ఇలా జరుగుతుందని ఊహించలేదు. బేస్ పట్టుకుని, చెప్పే మాటలు బస్సులో పేర్చుకుంటూ మరిది వర్క్‌షాపుకి వెళ్ళాను. పని అద్భుతం, కానీ ఈ వాద్యం స్వభావం వేరు, ఇలా మెత్తగా మొదలుపెట్టి మెల్లగా అసలు విషయానికి రావాలని. మర్చిపోయిందేమిటంటే, ఏళ్ళ తరబడి రంపం మెషిన్ పక్కన నిలబడి మరిదికి చెవులు సగం పోయాయి. అతనికి ఏదైనా చెప్పాలంటే అరవాలి. మెత్తగా అరవడం ఎలాగో నాకు తెలియదు.

మెషిన్ తిరుగుతోంది. అతని చెవి దగ్గరికెళ్ళి మొదలుపెట్టాను. ఆఁ అన్నాడు. మళ్ళీ చెప్పాను. తలా, తల బాగుందా, థాంక్స్ ఎందుకు వదినా మన ఇంట్లో అన్నాడు. కాదయ్యా అన్నాను. ఆఁ అన్నాడు. ఇంక ఆగలేక ఊపిరంతా కూడదీసుకుని, దీనికి తలకాయ అక్కర్లేదయ్యా అని కేక పెట్టాను. సరిగ్గా అప్పుడే ఎవరో మెషిన్ ఆపారు.

వర్క్‌షాపు మొత్తం నా వైపు తిరిగింది. సోఫా కుర్రాడు, ఎవరికమ్మా అని అడిగాడు.

మరిది చేతిలో ఉన్న చెక్కని పక్కన పెట్టాడు. రంపప్పొట్టు ఊదుకున్నాడు. నేను బేస్ పెట్టె తెరిచి పట్టుకుని నిలబడ్డాను. దోషిలా ఉన్నాను, అదేం పిచ్చో.

ఎందుకక్కర్లేదు అని అడిగాడు. కోపంగా కాదు. పనివాడు పని గురించి అడిగినట్టు.

చూపించాను. కింద మరలు తిప్పి తీగ బిగించడం చూపించాను. రెండు గుండ్ల తీగలు పైన గాడిలో ఎలా కూర్చునేవో వేలితో చూపించాను. ఆ గాడి నిండా ఇప్పుడు జిగురే. అతను బేస్‌ని నా చేతిలోంచి తీసుకుని, మెడ మొదట్లో ఒక్క వేలు మీద నిలబెట్టి చూశాడు, పలక తూకం చూసినట్టు. తల వైపు దబ్బున వాలింది. చెయ్యడ్డం పెట్టి ఆపాడు. ఆ తర్వాత నా ఎడమ భుజం వైపు చూశాడు. అదేదో నేను చెప్పకుండానే తెలిసిపోయింది.

అంటే బరువంతా ఒంట్లోనే ఉంచాలని కట్టారన్నమాట దీన్ని, మెడకి పనే లేకుండా అన్నాడు. ఎవడో తెలివైనవాడే అన్నాడు. వదినా, తలవైపు చెక్క వద్దు, ఉత్త మంచం చాలు అనేవాళ్ళు నా దగ్గరికీ వస్తారు, చేసిస్తాను, కానీ వాళ్ళు ముందు చెబుతారు కదా అన్నాడు.

ఆ మాటతో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నవ్వు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అతను ఫోన్ తీసి వాళ్ళన్నయ్యకి చేసి, అన్నయ్యా, నువ్వొక మహానుభావుడివిరా అని అరిచాడు. నేను ఆయన్ని అండీ అంటాను, ఇతను రా అంటాడు, ఆ ఫోన్‌లోకి మాత్రం నాకూ రా అనాలనిపించింది. అటునుంచి ఆయన, చెప్పొద్దన్నానే అంటున్నది బయటికి వినిపించింది.

ఆ తర్వాత మరిది స్క్రూలు విప్పి, పెన్సిల్‌తో గీత గీసి, సన్న రంపం తీశాడు. సోఫా కుర్రాడు నేను కోస్తానన్నాడు. వద్దు, నేను పెట్టింది నేనే తీస్తాను అన్నాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. అతను మాత్రం కన్నార్పకుండా కోశాడు.

మార్చి 20, గురువారం

పాత తీగలు ఎలాగూ ముక్కలైపోయాయి. మామూలు తీగలకి పైన గుండు ఉండదు, గాడిలో కూర్చోవు. దీనికేం చేద్దామని మరిది రాత్రంతా ఆలోచించాడట. ఉదయం ఇంటికొచ్చాడు. చేతిలో వేలెడంత ఇత్తడి పట్టీ. బీరువా గడియ ఇత్తడిని కోసి చేశాడు. నాలుగు బెజ్జాలు, నాలుగు బుల్లి స్క్రూలు. తీగ కొసని కింద దూర్చి, స్క్రూతో నొక్కి, మిగిలింది కత్తిరించెయ్యడమే. తలకి కొట్టిన రెండు స్క్రూ బెజ్జాల్లోనే పట్టీని బిగించాడు, కొత్త బెజ్జం పెట్టకుండా.

వంటింట్లో నిలబడి నాలుగు పాటలూ వరసగా వాయించాను. తీగ వెంట్రుకవాసి కదల్లేదు. ఇంకో లాభం: ఇక ఏ షాపులో దొరికే తీగలైనా దీనికి సరిపోతాయి. నెల రోజుల ఆర్డర్లు అక్కర్లేదు.

ఇంత ఉపకారం చేశావు, ఏం పెట్టమంటావు అన్నాను. ముందు వాయించు వదినా, తర్వాత చూద్దాం అన్నాడు. టిఫిన్ మటుకు ఆయన వాటాది కూడా తినేశాడు. ఆయనే తన ప్లేటు ముందుకి జరిపారు.

మార్చి 21, శుక్రవారం

డాక్టరమ్మ ఎలక్ట్రీషియన్ తమ్ముడికి ఫోన్ చెయ్యలేదు.

మార్చి 22, శనివారం

ఇల్లు తుడవలేదు. అంట్లు సింకులోనే ఉన్నాయి. ఉండనీ.

కొత్త పెయింటు వాసన, కొత్త కుర్చీలు, వాటి మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు, ఎవరు కదిలినా కరకర. మొదటి పాట మొదలయ్యే ముందు డాక్టరమ్మ కర్రలు టక్ టక్ కొట్టింది. కొంగుకి చేతులు ఇంకోసారి తుడుచుకున్నాను. మొదటి స్వరం వేశాను. అది నా పొట్టలోంచి, చెప్పుల్లోంచి స్టేజీ చెక్కలోకి దిగింది. ఆ తర్వాత భయం గుర్తులేదు.

డ్రైవరమ్మ మైకు పక్కన పెట్టేసి పాడింది. ఎలక్ట్రీషియన్ మూడో పాటలో తప్పాడు. ఎప్పుడూ నేను అతన్ని పట్టుకుని వేలాడేదాన్ని. ఇవాళ అతను నా వైపు చూశాడు, నేను తల ఊపి నా చోటే నిలబడ్డాను, అతను వచ్చి కలిశాడు. ఒకరు తప్పినప్పుడు ఇంకొకరు అక్కడే ఉండడం. ఇంతే కదా బేస్ అంటే. ఇంత ఆనందంగా ఉంటుందని ఎవరూ చెప్పరేం?

నాలుగో పాటకి వెనక వరసలో పిల్లలు లేచి గెంతారు. లైబ్రరీ ఆవిడ ష్ అనబోయి, అలవాటు కొద్దీ వేలు నోటి మీద పెట్టుకునే గెంతింది. ఆయన ముందు వరసలో కూర్చుని పక్కవాళ్ళందరికీ, ఆ గిటారుకి తల ఉండదండీ, అది ఇలాగే వస్తుందండీ అని చెబుతున్నారని అమ్మాయి తర్వాత చెప్పింది. నాలుగు పాటలూ ఇదే పనట.

స్టేజీ దిగాక డాక్టరమ్మ, వచ్చే నెల నర్సుల ప్రోగ్రాం ఉంది, డైరీలో రాసుకోండి అంది. ఇదుగో, రాసుకున్నాను.

మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఖరి వరసలో కూర్చున్నాడు. ఎలా ఉందయ్యా అని అరిచాను. అబద్ధం చెప్పే అలవాటు లేదు మనిషికి. అందరూ చప్పట్లు కొడుతుంటే చూసి కొట్టాను వదినా, నా చెవులకి అంతా కలిసి ఒకటే మోత, అందులో నీదేదో నాకు తేలలేదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు. పట్టీ చేసినందుకు ఏం పెట్టమంటావన్నావు కదా, నాకు తెలిసేలా ఒక్క పాట, అది బాకీ అన్నాడు.

ఇంటికి వచ్చే దారంతా ఎలా అన్నదే ఆలోచన. అతను తిరిగే లోకమంతా చెక్క. స్టేజీ చెక్కలోకి దిగిన ఆ మొదటి స్వరం గుర్తొచ్చింది.

మార్చి 25, మంగళవారం

మరిది వర్క్‌షాపు. మెషిన్లన్నీ ఆపించాను. యాంప్‌ని అతని పొడవాటి పని బల్ల మీద, స్పీకరు చెక్కకి ఆనేలా బోర్లా పెట్టి, ఇటు కొసన నిలబడి వాయించాను. అటు కొసన అతను ముందు అరచేతులు ఆనించాడు. తర్వాత మోచేతులు. తర్వాత చెంప. కళ్ళు మూసుకున్నాడు. అయిపోయాక లేవలేదు, వేలు ఒకటి పైకెత్తాడు, ఇంకోటి అన్నట్టు. చెంపకి రంపప్పొట్టు.

మరిదికి ఒక పాట బాకీ. మూడు వసూలు చేశాడు. చెల్లు.